డిజిటల్ మల్టీమీటర్‌తో కరెంటు, నిరోధం కొలత: విజయవాడ, కృష్ణా డెల్టా

వోల్టేజి, కరెంటు, నిరోధం మూడింటినీ కొలిచి అంకెల్లో చూపే చేతి పరికరం డిజిటల్ మల్టీమీటర్. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు వైరింగు చేసేవారి దగ్గర, గుడివాడ, ఉయ్యూరుల్లో మోటార్లకు వైండింగు చుట్టే షాపుల్లో, కైకలూరు వైపు చెరువు గట్ల మీద స్టార్టర్ బోర్డుల పక్కన, ఐటీఐ విద్యార్థుల సంచుల్లో ఇది మామూలుగా కనిపించే వస్తువు. వోల్టేజి చూడటం తేలిక. రెండు ప్రోబ్‌లు రెండు చోట్ల ఆనిస్తే చాలు. చిక్కంతా మిగతా రెండింటితోనే. నిరోధం కొలవాలంటే సర్క్యూట్‌లో సరఫరా ఉండకూడదు. కరెంటు కొలవాలంటే సరఫరా ఉండి తీరాలి, పైగా ఆ కరెంటు మీటరు గుండానే పోవాలి. ఓమ్‌ల స్థానంలో మీటరు తన బ్యాటరీ నుంచి తానే కొంచెం కరెంటు పంపుతుంది. ఆంపియర్ల స్థానంలో అది దాదాపు ఒక రాగి ముక్కలా ప్రవర్తిస్తుంది. మీటర్లు కాలిపోయేది చాలావరకు ఈ రెండు స్థితులు తారుమారైనప్పుడే.

నేపథ్యం

వోల్టేజి, కరెంటు, నిరోధాల మధ్య సంబంధాన్ని జర్మన్ శాస్త్రవేత్త గేయార్గ్ ఓమ్ 1827లో ప్రచురించాడు. తీగలో పారే కరెంటు దానికిచ్చిన వోల్టేజికి అనులోమంగా, నిరోధానికి విలోమంగా ఉంటుందన్నది ఆ నియమం. మూడింటినీ ఒకే పెట్టెలో కొలిచే పరికరం వాడుకలోకి రావడానికి మరో వందేళ్లు పట్టింది. బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీరు డొనాల్డ్ మెకాడీ రూపొందించిన ‘ఏవో’ (AVO) అనే మీటరు 1923లో అమ్మకానికి వచ్చింది. ముల్లు కదిలే ఆ మీటరు తరహావే మన పాలిటెక్నిక్ ల్యాబుల్లో దశాబ్దాలపాటు ఉండేవి. అంకెలు చూపే వోల్ట్‌మీటరును 1950ల తొలి సంవత్సరాల్లో అమెరికాలో ఆండ్రూ కే తయారుచేశాడు. చేతిలో ఇమిడే డిజిటల్ మల్టీమీటర్లలో పేరుపొందిన ఫ్లూక్ 8020ఏ 1977లో వచ్చింది. దాదాపు అదే కాలంలో ఇంటర్‌సిల్ కంపెనీ ఐసిఎల్ 7106 అనే చిప్ విడుదల చేసింది. కొలవడం, అంకె చూపించడం రెండూ ఒకే చిప్‌లో ఇమిడిపోవడంతో మీటరు ధర పడిపోయింది. ఇవాళ ఎలక్ట్రికల్ షాపుల్లో కొన్ని వందల రూపాయలకు దొరికే పసుపుపచ్చ డిటి-830 రకం మీటర్లు ఆ చిప్ వంశానివే. నాసిక్‌కు చెందిన మోత్వానే, రిషభ్ కంపెనీల మీటర్లు అంతకన్నా ఖరీదు, అంతకన్నా నమ్మకం.

ఉమ్మడి కృష్ణా జిల్లాలో ఈ పనికి గిరాకీ పెరిగిన క్రమం వేరు. ఇబ్రహీంపట్నం దగ్గర విజయవాడ థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. విద్యుత్ బోర్డు ఛైర్మన్‌గా పనిచేసిన నార్ల తాతారావు పేరు తరవాత దానికి పెట్టారు. కాలవ నీరు అందని చోట మోటార్లు, రైసు మిల్లులు, ఆ తరవాత చేపల, రొయ్యల చెరువులు వచ్చాయి. ఇన్ని మోటార్లను బాగుచేసేవారికి చాలాకాలం ఉన్న సాధనాలు రెండే: నియాన్ టెస్టర్, సిరీస్ బల్బు. టెస్టర్ వెలిగితే కరెంటు ఉన్నట్టు, బల్బు వెలిగితే దారి ఉన్నట్టు. ఎంత ఉంది అన్న ప్రశ్నకు వాటి దగ్గర జవాబు లేదు.

మీటరు లోపలి పని

చిప్ స్వతహాగా కొలిచేది ఒక్క వోల్టేజినే, అదీ సాధారణంగా 200 మిల్లీవోల్టుల లోపు. మిగతావన్నీ వోల్టేజిగా మార్చి దానికి అందించాలి. అది ఆ వోల్టేజితో ఒక కెపాసిటర్‌ను నిర్ణీత కాలం నింపి, తనకు తెలిసిన వోల్టేజితో ఖాళీ చేస్తూ, ఖాళీ కావడానికి పట్టిన సమయాన్ని లెక్కపెడుతుంది. ఆ లెక్కే తెర మీది అంకె. నింపే కాలాన్ని మన 50 హెర్ట్జ్ సరఫరా చక్రానికి, అంటే 20 మిల్లీసెకన్లకు, సరిగ్గా గుణిజంగా పెట్టుకుంటే పక్కనున్న కరెంటు తీగల గోల దానంతటదే రద్దవుతుంది. చవక మీటరులో 1999 దాటి అంకె లేదు. దాన్నే మూడున్నర అంకెల మీటరు అంటారు. పరిధి దాటితే ఎడమ అంచున 1 ఒక్కటే మిగులుతుంది, కొన్నిటిలో ఓఎల్ అని వస్తుంది.

నిరోధానికి చేసే ఏర్పాటు ముచ్చటైనది. తెలిసిన నిరోధాన్ని, తెలియని నిరోధాన్ని ఒకే వరసలో పెట్టి రెండింటిలోనూ ఒకే కరెంటు పంపుతారు. చిప్ వాటి వోల్టేజిల నిష్పత్తిని మాత్రమే చూస్తుంది. కరెంటు కొంచెం అటూ ఇటూ అయినా నిష్పత్తి మారదు కాబట్టి బ్యాటరీ కొద్దిగా నీరసించినా అంకె చెడదు. బ్యాటరీ గుర్తు తెర మీద కనిపించాక మాత్రం ఏ కొలతనూ నమ్మకూడదు.

నిరోధం

సరఫరా తీసెయ్యాలి, కెపాసిటర్ ఉంటే డిశ్చార్జి చెయ్యాలి, కొలిచే వస్తువు ఒక కొసనైనా సర్క్యూట్ నుంచి విడదీయాలి. విడదీయకపోతే పక్క దారుల నిరోధం కూడా కలిసి తక్కువ అంకె వస్తుంది. నల్ల లీడు కామన్ రంధ్రంలో, ఎర్రది ఓమ్ గుర్తున్న రంధ్రంలో ఉండాలి. ముందుగా రెండు ప్రోబ్‌ల కొసలు కలిపి చూస్తే 0.2 లేదా 0.3 ఓమ్ కనిపిస్తుంది. అది లీడ్ల సొంత నిరోధం. చిన్న నిరోధాల్లో దాన్ని తీసెయ్యకుండా చెప్పిన లెక్క లెక్క కాదు. కిలో ఓమ్‌లు దాటిన వాటిలో పొరపాటు మరో వైపు నుంచి వస్తుంది: రెండు ప్రోబ్ కొసలనూ వేళ్లతో నొక్కి పట్టుకుంటే ఒంటి నిరోధం సమాంతరంగా కలుస్తుంది, మే నెల చెమటలో ఇంకా ఎక్కువగా.

ఇంటి సామాన్లలో చాలావాటి నిరోధం ముందే లెక్కకట్టవచ్చు. 230 వోల్టుల మీద 2000 వాట్ల గీజర్ ఎలిమెంటు సుమారు 26 ఓమ్‌లు, 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె సుమారు 53 ఓమ్‌లు చూపాలి. ఏమీ చూపకపోతే ఎలిమెంటు తెగింది. పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బు మాత్రం లెక్క తప్పిస్తుంది. వెలిగేటప్పుడు దాని నిరోధం 529 ఓమ్‌లు, చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. ఇది మీటరు దోషం కాదు, టంగ్‌స్టన్ వేడెక్కితే జరిగే మార్పు.

రాగికీ ఈ గుణం ఉంది. డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. పట్టికల్లో ఇచ్చే విలువలు 20 డిగ్రీలకు. విజయవాడలో ఎండాకాలం పగటి వేడి 45 డిగ్రీలను తాకినప్పుడు అదే తీగ దాదాపు 10 శాతం ఎక్కువ చూపిస్తుంది. వైండింగు 100 డిగ్రీలదాకా వేడెక్కిన మోటారును అప్పుడే ఆపి కొలిస్తే 30 శాతం పైనే తేడా. కొత్త వైండింగు కొలతను, వేడిమీదున్న పాత వైండింగు కొలతను పక్కపక్కన పెట్టి పోల్చడం అందుకే అర్థంలేని పని. మోటారు చల్లారేదాకా ఆగాలి.

డెల్టా పొలాల్లో, చెరువుల్లో ఓమ్ కొలత బాగా అక్కరకొచ్చేది రెండు చోట్ల. మొదటిది పొడవాటి కేబుల్. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి మీటరు పెట్టె నుంచి 200 మీటర్ల దూరంలో సింగిల్ ఫేజు మోటారు ఉందనుకుందాం. నాలుగు చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగకు 100 మీటర్లకు సుమారు 0.7 ఓమ్. పోయే తీగ, వచ్చే తీగ కలిపి 400 మీటర్లు, అంటే 2.8 ఓమ్‌లు. అవతలి కొస కలిపేసి, ఇవతల మీటరు పెడితే లీడ్లతో కలిసి 3.1 వరకు వస్తుంది. ఒక హార్స్‌పవర్ మోటారు 7 ఆంపియర్లు లాగితే దారిలోనే 20 వోల్టులు పోతాయి. ఫీడర్ చివర అసలే 200 వోల్టులు అందుతుంటే మోటారుకు దక్కేది 180. మోటారు మూలుగుతుంది, ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కి కాలుతుంది. తప్పు మోటారుదని దాన్ని మళ్లీ చుట్టిస్తారు. కేబుల్ మార్చకపోతే అది మళ్లీ కాలుతుంది.

రెండోది త్రీఫేజు వైండింగు. స్టార్టర్ నుంచి తీగలు విప్పి మూడు టెర్మినళ్లను రెండేసి చొప్పున కొలిస్తే మూడు అంకెలూ దాదాపు సమానంగా ఉండాలి. డెల్టా కనెక్షన్‌లో ఒక వైండింగు తెగితే మూడింటిలో ఒక అంకె మిగతా రెండింటికి రెట్టింపు అవుతుంది. స్టార్ కనెక్షన్‌లో ఒకటి తెగితే రెండు జతల్లో అసలు అంకె రాదు. ఈ చిన్న లెక్క తెలిసినవాడు మోటారు విప్పకుండానే ఏం జరిగిందో చెబుతాడు. అయితే చుట్టులో నాలుగైదు వరసలు తమలో తాము షార్టయితే చవక మీటరు ఆ తేడా పట్టలేదు. ఐదు హార్స్‌పవర్ మోటారు వైండింగు మొత్తమే కొద్ది ఓమ్‌లు. మీటరు తెలుసుకోగలిగిన కనిష్ఠ భేదం 0.1 ఓమ్. దాని పైన లీడ్ల తేడా ఉండనే ఉంది.

బీప్ శబ్దమిచ్చే కంటిన్యుటీ స్థానం కూడా ఓమ్ కొలతే. కొన్ని పదుల ఓమ్‌ల లోపు ఉంటే మోగుతుంది. తీగ తెగిందా లేదా అన్నదానికి అది చాలు. జాయింటు బాగుందా అన్నదానికి చాలదు. ఉప్పు గాలి తగిలే మచిలీపట్నం, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో టెర్మినళ్ల మీద పచ్చగా చిలుము పడుతుంది. అలాంటి జాయింటులో 0.1 ఓమ్ ఉన్నా, 15 ఆంపియర్లు పారితే అక్కడే 22 వాట్ల వేడి పుడుతుంది. ప్లాస్టిక్ కరిగి నల్లబడటానికి అది ఎక్కువే. మీటరు మాత్రం నిక్షేపంగా బీప్‌మంటుంది. ఇటువంటి జాయింటును పట్టే పద్ధతి మరొకటుంది. లోడు నడుస్తుండగా జాయింటుకు రెండు వైపులా మిల్లీవోల్టులు కొలవాలి, ఓమ్‌లు కాదు.

కరెంటు

కరెంటు కొలవడానికి సర్క్యూట్‌ను ఒకచోట తెంచి, తెగిన రెండు కొసల మధ్య మీటరు పెట్టాలి. లోపల షంట్ అనే చిన్న నిరోధం ఉంటుంది. దాని మీద పడే వోల్టేజిని చిప్ కొలుస్తుంది. డిటి-830 రకం మీటరులో 10 ఆంపియర్ల రంధ్రానికి షంట్ అంటే వంగిన లావుపాటి తీగముక్క, సుమారు 0.01 ఓమ్. పది ఆంపియర్లకు దాని మీద 0.1 వోల్టు వస్తుంది. ఆ రంధ్రానికి చాలా చవక మీటర్లలో ఫ్యూజు ఉండదు. దాని పక్కనే పది సెకన్లకు మించి వద్దనే హెచ్చరిక ఉంటుంది. మిల్లీఆంపియర్ల రంధ్రానికి ఫ్యూజు ఉంటుంది. అది పోయిన మీటరు వోల్టులు, ఓమ్‌లు చక్కగా చూపిస్తూ కరెంటుకు మాత్రం సున్నా అంటుంది.

ఈ రకం మీటర్ల మీద చాలామంది గమనించని సంగతి, వాటికి ఏసీ కరెంటు స్థానమే లేదు. ఉన్నది డీసీకే. ఇంటి ఫ్యాను ఎంత లాగుతుందో చూద్దామని ఎర్ర లీడు 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి ప్లగ్‌లో గుచ్చితే ఫేజు, న్యూట్రల్ మధ్య నేరుగా షార్టు. లీడు కొసలు పేలతాయి, చెయ్యి కాలుతుంది. వోల్టేజి చూసేటప్పుడు లీడు మార్చడం మరిచిపోయినా ఇదే ఫలితం. కరెంటు కొలత అయిపోగానే ఎర్ర లీడును వోల్టుల రంధ్రంలోకి మార్చేయడం నేర్పరులకు అలవాటుగా వచ్చేస్తుంది. నేర్పేటప్పుడు సూత్రాలకన్నా ముందు నేర్పాల్సింది అదే.

డీసీ స్థానం అక్కరకొచ్చేది వాహనాల్లో. రాత్రి నిలబెట్టిన లారీ పొద్దున స్టార్టు కావడం లేదంటే, నెగటివ్ టెర్మినల్ విప్పి మీటరును మధ్యలో పెట్టి, అన్ని స్విచ్చులూ ఆపాక కారుతున్న కరెంటు చూస్తారు. గడియారం, కంట్రోలు యూనిట్ల కోసం కొన్ని పదుల మిల్లీఆంపియర్లు పోవడం మామూలే. అర ఆంపియరు పోతుంటే 60 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఐదు రోజుల్లో అడుగంటుతుంది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో ఆ లైనులోనే లోపం. మీటరు మధ్యలో ఉండగా ఎవరూ తాళంచెవి తిప్పకూడదు. స్టార్టరు మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది. ఆ కరెంటు గురించి తెలియాలంటే తీగ తెంచకుండా, స్టార్టు చేస్తుండగా కేబుల్ రెండు కొసల మధ్య వోల్టేజి కొలిస్తే చాలు. అర వోల్టు దాటితే కేబుల్‌నో దాని కొసనున్న లగ్గునో అనుమానించాలి.

సరఫరా లైన్ల మీద కరెంటు కొలతకు సరైన సాధనం క్లాంప్ మీటరు. లైన్‌మెన్, పాతతరం ఎలక్ట్రీషియన్లు దీన్ని టాంగ్ టెస్టర్ అంటారు. తీగ తెంచనక్కర్లేదు. దవడలు తెరిచి ఒక్క తీగ చుట్టూ మూస్తే, తీగ చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రాన్ని బట్టి ఆంపియర్లు వస్తాయి. మామూలు రకం ఏసీకే పనికొస్తుంది. డీసీకి 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ప్రభావం మీద నడిచే సెన్సర్ కావాలి. ఫేజు, న్యూట్రల్ రెండింటినీ కలిపి పట్టుకుంటే పోయే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి రద్దుచేసుకుని సున్నా వస్తుంది. కొత్తవాళ్లు దీన్ని చూసి మీటరు పాడైందనుకుంటారు. సున్నా రాకపోతేనే భయపడాలి. ఆ తేడా ఎక్కడో నేలలోకి కారుతున్న కరెంటు. దీన్ని మిల్లీఆంపియర్లలో పట్టే లీకేజి క్లాంప్ మీటర్లు వేరుగా ఉన్నాయి.

రొయ్యల చెరువుల్లో క్లాంప్ మీటరుకు ఉన్నంత పని ఇంకెక్కడా లేదేమో. కైకలూరు, కలిదిండి, ముదినేపల్లి ప్రాంతాల్లో నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతాయి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అడుగంటే వేళకు అవి ఆగితే పంట దక్కదు. రెండు హార్స్‌పవర్ త్రీఫేజు ఏరియేటరు పూర్తి లోడు మీద ఫేజుకు మూడు, మూడున్నర ఆంపియర్లు లాగుతుంది. మూడు ఫేజుల్లోనూ ఒకేలా పెరిగితే గేరుబాక్సులోనో బేరింగులోనో బిగుతు. మామూలుకన్నా తగ్గితే తెడ్లు ఊడి ఉండవచ్చు. ఒక ఫేజులో సున్నా వచ్చి మిగతా రెండింటిలో దాదాపు ఒకటిముప్పావు రెట్లయితే సింగిల్ ఫేజింగు. వెంటనే ఆపకపోతే వైండింగు మిగలదు. వారానికొకసారి ప్రతి ఏరియేటరు ఆంపియర్లూ పుస్తకంలో రాసుకునే చెరువుల్లో, ఏ మోటారు పాడవబోతోందో ముందే తెలిసిపోతుంది.

క్లాంప్ మీటర్లు సగటు ఆధారంగా లెక్కించేవి, అల ఆకారం ఏదైనా అసలు విలువ చూపే ట్రూ ఆర్ఎంఎస్‌వి అని రెండు రకాలు. చవక రకం సగటును కొలిచి 1.11తో హెచ్చవేస్తుంది. కరెంటు అల నునుపైన సైన్ తరంగమైతేనే ఆ లెక్క సరి. ఎల్‌ఈడీ దీపాలు, కంప్యూటర్లు, వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవులు కరెంటును ముక్కలు ముక్కలుగా లాగుతాయి. వాటి మీద చవక మీటరు బాగా తక్కువ చూపించగలదు.

మీటరుకు అందనివి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఫ్రిజ్‌లు, మోటార్లు, స్విచ్‌బోర్డులు బురదనీటిలో నానాయి. అటువంటి మోటారును ఆరబెట్టి, ఒంటికీ వైండింగుకూ మధ్య మల్టీమీటరు పెట్టి, అంకె రాలేదు కాబట్టి లీకేజి లేదని నిర్ణయించడం ప్రమాదం. ఓమ్ స్థానంలో మీటరు ఇచ్చేది ఒకటి రెండు వోల్టులు. ఒండ్రు పొర 2 వోల్టులకు లొంగకపోయినా 230 వోల్టులకు దారి ఇవ్వవచ్చు. ఇన్సులేషన్‌ను 500 వోల్టులు ఇచ్చి కొలిచే మెగ్గర్‌తోనే చూడాలి. ఇళ్ల సరఫరాకు కనీసం ఒక మెగాఓమ్ రావాలన్నది వాడుకలో ఉన్న కొలబద్ద. మల్టీమీటరు లోపం ఉందని చెబితే నమ్మవచ్చు. లేదంటే నమ్మకూడదు.

మనిషి ఒంటి విషయంలోనూ అంతే. పొడిచేతులతో ప్రోబ్‌లు పట్టుకుంటే లక్షల ఓమ్‌లు కనిపిస్తాయి. అది చర్మం పైపొర గొప్ప. చెరువులో మోకాలిలోతు నీళ్లలో నిలబడి, తడిచేత్తో 230 వోల్టులు తాకినవాడి ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌ల దగ్గరికి పడిపోతుంది. అంటే 230 మిల్లీఆంపియర్లు. లీకేజిని పట్టే ఆర్‌సీసీబీ స్విచ్చిని 30 మిల్లీఆంపియర్లకే సరఫరా తెంచేలా తయారుచేసింది అందుకే.

ఎర్తు గొయ్యి నిరోధాన్నీ మల్టీమీటరు కొలవలేదు. నేలలో ఎప్పుడూ కొంత చిల్లర వోల్టేజి ఉండి ఓమ్ కొలతను పాడుచేస్తుంది. పైగా రెండో ప్రోబ్ ఆనించడానికి నిరోధం లేని మరో నేల దొరకదు. దీనికి నేలలో మేకులు పాతి కొలిచే ఎర్త్ టెస్టర్ ఉంది. అది లేనిచోట ఫేజుకూ ఎర్తుకూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి, బాగా వెలిగితే ఎర్తు బాగున్నట్టే అనుకుంటారు. లెక్క వేసి చూస్తే ఈ నమ్మకం నిలవదు. గొయ్యి నిరోధం 50 ఓమ్‌లున్నా, బల్బు లాగే 0.43 ఆంపియర్లకు పోయేది 22 వోల్టులే. కంటికి తేడా తెలియదు. కానీ అదే గొయ్యిలోకి పూర్తి షార్టయినా 4.6 ఆంపియర్లకు మించి పారవు, 16 ఆంపియర్ల ఎంసీబీ కదలదు, మోటారు ఒళ్లంతా కరెంటుతో నిలబడి ఉంటుంది.

డెల్టా నల్లరేగడిలో ఈ నిరోధం కాలాన్నిబట్టి మారుతుంది. కాలవలు వదిలినప్పుడు నేల తడిసి తక్కువగా ఉంటుంది. వేసవిలో కాలవలు కట్టేశాక నేల బీటలు వారి, మట్టి గొట్టానికి ఎడమై నిరోధం పెరుగుతుంది. ఎర్తును పరీక్షించాల్సింది మే నెలలో. వర్షాకాలం కొలత ఊరట కోసమే. దివిసీమ ఉప్పునేలల్లో నిరోధం ఎలాగూ తక్కువే. అక్కడ గొట్టమే తుప్పుపట్టి తినేసుకుపోతుంది.

మీటరు ఎంపిక, సంరక్షణ

మీటరు మీద రాసి ఉండే క్యాట్ 2, క్యాట్ 3, క్యాట్ 4 గుర్తులు ఏ చోట వాడితే మీటరు పేలకుండా తట్టుకుంటుందో చెబుతాయి. ప్లగ్ పాయింటు వరకు 2, డిస్ట్రిబ్యూషన్ బోర్డుకు 3, స్తంభం నుంచి వచ్చే సర్వీసు తీగకు 4. గుర్తు అచ్చేసినంత మాత్రాన గుణం రాదు. లోపల గాజు ఫ్యూజుకు బదులు పెద్ద సిరామిక్ ఫ్యూజు ఉందేమో చూడాలి. పోయిన ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టడం ఇళ్ల ఫ్యూజు కట్టల నుంచి మీటర్లకు పాకిన అలవాటు. 11 కిలోవోల్టుల లైన్లకు, రైల్వేల 25 కిలోవోల్టుల తీగలకు చేతి మల్టీమీటరు ఏ రకమైనా పనికిరాదు.

తీరప్రాంత తేమకు ముందు చెడేది ఎంపిక స్విచ్చి కింది రాగి పలకలు. అంకెలు ఊగుతుంటే మీటరు విప్పి ఆ పలకలను స్పిరిట్‌తో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. లీడ్లు మొదట్లో తెగవు, లోపల పోగులు తెగుతూ నిరోధం పెరుగుతుంది. కొసలు కలిపి లీడును ఊపుతూ చూస్తే తెలుస్తుంది. ఒక శాతం తేడా ఉండే 100 ఓమ్‌ల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ ఒకటి మీటరు సంచిలో ఉంచుకుని, పనికి ముందు కొలిస్తే 99, 101 మధ్య రావాలి. లీడ్ల వాటా 0.3 వరకు కలుస్తుంది కాబట్టి 101.3 వచ్చినా కంగారుపడనక్కర్లేదు.